లేని క్యూలో రెండోవాడు

ఆ ఉదయం ఇల్మారి వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ముందు చర్చి గోపురం ఎక్కి స్పెయిన్‌లోని కాదిజ్ ఊరంతా చూడాలి. తర్వాత చేపల బజారు దగ్గర నూనెలో వేగిన పిండివంటకం చుర్రోలు వేడివేడిగా తినాలి. ఆ పైన ఏ సందులో దూరినా చివరికి సముద్రమే కనిపించే ఆ ఊళ్లో కాసేపు తిరిగి, ఎవరో ఒక ఊరిమనిషిని పట్టుకుని స్పానిష్‌లో నాలుగు మాటలు మాట్లాడాలి. గోపురం, చుర్రోలు, సందులు సులువుగానే అయ్యాయి. మాట్లాడటం ఒక్కటే మిగిలిపోయింది.

ఇల్మారిది ఫిన్లాండ్. అక్కడ బస్సు కోసం నిలబడ్డవాళ్లు మనిషికీ మనిషికీ మధ్య ఒక మంచం పట్టేంత చోటు వదులుతారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి పలకరించడం వాళ్ల లెక్కలో దౌర్జన్యం కింద వస్తుంది. అలాంటివాడికి స్పానిష్ నేర్పే పంతులమ్మ పలోమా పెట్టిన పరీక్ష ఏమిటంటే, మధ్యాహ్నం తను చౌకుకు వచ్చేసరికి అతను ఊరివాళ్లతో మాట్లాడుతూ కనిపించాలి. కనిపిస్తే పై తరగతి, దాంతోపాటు రేవులో అతనికోసం అట్టేపెట్టిన ఉద్యోగం. కనిపించకపోతే మళ్లీ రంగుల పేర్లు వల్లెవేసే తరగతి, ఉద్యోగం ఇంకొకడికి.

చౌకులో జనం చెదురుమదురుగా ఉన్నారు. బెంచీ మీద ఒక ముసలాయన, నారింజ చెట్టు నీడలో ఇద్దరు ఆడవాళ్లు, ఎదురుగా మూసి ఉన్న ఒక పచ్చ తలుపు. ఈ ఊళ్లో క్యూ అంటే వరస కాదని పలోమా ఎప్పుడో చెప్పింది. ఎవరికి నచ్చిన నీడలో వాళ్లుంటారు. కొత్తగా వచ్చినవాడు చివరెవరని అడిగి, ఆ మొహం గుర్తుపెట్టుకుంటే చాలు. తలుపు మూసి ఉంది, జనం కాచుకుని ఉన్నారు, ఇది క్యూ కాక మరేమిటని ఇల్మారి తీర్మానించుకున్నాడు.

"చివరెవరండీ?" అన్నాడు, గొంతు సవరించుకుని.

బెంచీ మీది ముసలాయన పేరు సాతుర్నీనో. ఆయన మోకాళ్లకు కాస్త ఎండ తగులుతుందని కూర్చున్నాడు తప్ప, దేనికోసమూ కాచుకోలేదు. కానీ పరాయి దేశంవాడు పనిగట్టుకుని వచ్చి అడుగుతున్నాడంటే ఇక్కడేదో ఇస్తున్నారన్నమాట. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ సంగతి తనకు తెలియదని ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా?

"నేనేనయ్యా. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నా," అన్నాడు దర్జాగా.

చెట్టు కింది ఇద్దరిలో పెద్దదైన కందెలారియా చెవులు రిక్కించింది. "ఏం తాతా, మాకో మాట చెబితే నీ సొమ్మేం పోయింది? ఇదిగో అబ్బాయ్, నీ తర్వాత నేను, నా తర్వాత మా చెల్లెలు. ఈ మొహం బాగా చూసుకో, రేపు తెలీదంటే ఊరుకోను."

ఇక చూడాలి. కూరగాయల సంచీలతో వెళ్లేవాళ్లు ఆగారు. ఆగినవాళ్లను చూసి మరికొందరు ఆగారు. ఈ క్యూ ఎందుకని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అడిగితే తెలియదన్న సంగతి బయటపడిపోదూ! కార్నివాల్ పండగలో జరిగే పాటల పోటీకి టిక్కెట్లని ఒకావిడ ఊహించింది. ఆ ఊహ క్యూ చివరికి చేరేలోపు, ఎవరో వాటిని కళ్లారా చూసినట్టు కూడా తేలింది. మూల మీది కాఫీ కొట్టువాడు కుర్చీలు బయట వేశాడు. గొడవ జరక్కుండా చూడటానికి వచ్చిన పోలీసాయన, వాళ్ల అత్తగారి పేరు చెప్పి తనూ చోటు పట్టాడు.

తలోమాటా వినేసరికి, ఇక్కడ ఎవరూ దేనికోసమూ రాలేదని, అంతా తన ప్రశ్నతోనే మొదలైందని ఇల్మారికి అర్థమైంది. పలోమా వచ్చే వేళైంది, ఈ గొడవ తన నిర్వాకమని తెలిస్తే పై తరగతి మాట దేవుడెరుగు. మెల్లగా జారుకోబోతే కందెలారియా చొక్కా పట్టుకుంది.

"ఎక్కడికి? నువ్వు పోతే నేనెవరి తర్వాత?"

"తాత తర్వాతండీ."

"తాత నాకు తెలీదు. నేను చూసింది నీ మొహం. నా వెనకున్నోళ్లు ఒప్పుకుంటారా? నుంచో!"

దాంతో ఇల్మారి ఓపిక నశించింది. ఇన్ని వారాలుగా గొంతు దాటని స్పానిష్ ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. "ఇక్కడేమీ ఇవ్వడం లేదండీ! టిక్కెట్లూ లేవు, గిక్కెట్లూ లేవు! మాట కలపడానికి నేనే ఊరికే అడిగాను. ఈ తాత ఊరికే అవునన్నాడు. మీరంతా ఊరికే నిలబడ్డారు. దేవుడి మీద ఒట్టు, ఇళ్లకు వెళ్లి వంట చేసుకోండి!" అని చేతులు తిప్పుతూ గడగడా చెప్పేశాడు.

క్యూలోంచి ఒక్కరూ కదల్లేదు.

"చూశారా ఎత్తు!" అంది కందెలారియా. "మనల్ని పంపించేసి అంతా వీడే పట్టుకుపోదామని."

"నోట్లో వేలు పెడితే కొరకలేనట్టున్నాడనుకున్నా," అని నిట్టూర్చాడు సాతుర్నీనో. క్యూలో ఒకరికొకరు మరికాస్త దగ్గరగా జరిగారు.

అప్పుడే పచ్చ తలుపు తెరుచుకుంది. ఇంటి చెప్పులతో, చెత్త సంచీతో ఒకాయన బయటికి వచ్చాడు. ఇల్మారి పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యా, మీరైనా చెప్పండి! ఈ ఇంట్లో ఏమైనా ఇస్తున్నారా?"

"మా ఇంట్లోనా? ఇక్కడ నేనూ మా ఆవిడా తప్ప ఏముందయ్యా?" అన్నాడాయన. ఇల్మారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన చౌకు నిండా ఉన్న జనాన్ని చూశాడు, తన తలుపు వైపు అనుమానంగా చూశాడు, మళ్లీ జనాన్ని చూశాడు. సంచీ గోడకు ఆనించి, "ఇంతకీ చివరెవరు?" అన్నాడు.

"నేనే," అంది వెనకనుంచి బాగా తెలిసిన గొంతు.

పలోమా! ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు విందో. ఇల్మారి ఆమె దగ్గరికి వెళ్లి తల వంచుకుని నిలబడ్డాడు. "టీచరుగారూ, పరీక్ష..."

"ఇంకా పరీక్షేమిటయ్యా?" అంది పలోమా అతని భుజం తట్టి. "మొన్నటిదాకా నీళ్లు అడగడానికి నీళ్లు నమిలేవాడివి. ఇవాళ ఇంతమంది ముందు అంత పెద్ద అబద్ధం తడబడకుండా ఆడావు! రేపట్నుంచి పై తరగతికి వచ్చెయ్." తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు మాత్రం నిజం చెప్పు. ఏమిస్తున్నారు?"

ఉద్యోగం దక్కింది. మాట్లాడే పరీక్షలో అంత ఘనంగా నెగ్గిన ఇల్మారి, ఆ వారమంతా మళ్లీ నోరు విప్పలేదు.