మూడిళ్ళ గోడల మీద ఒకే మనిషి

"శ్రీకాంత్, రాసుకో. ఈ ప్రపంచంలో మహా అపరాధ పరిశోధకులు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకడు ఇంకా పుట్టలేదు."

ఆదివారం పొద్దున్నే, కృష్ణానగర్‌లోని మా అద్దెగది గుమ్మంలో నిలబడి వరప్రసాద్ ఈ ప్రకటన చేశాడు. ఒక చేతిలో టూత్‌బ్రష్షు, మూతి నిండా నురగ, నెత్తిన నీలంరంగు టోపీ. ఆ టోపీ వాళ్ళ కంపెనీది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, శ్రీనగర్ కాలనీ ఇళ్ళల్లో మంచినీళ్ళ ఫిల్టర్లు మార్చడం వరప్రసాద్ ఉద్యోగం. స్నానానికి తప్ప ఆ టోపీ తియ్యడు.

"నేరం ఎంత అడుగున దాక్కున్నా నా చూపు దాన్ని వడగట్టి పైకి లాగుతుంది," అన్నాడు నురగ ఉమ్మేసి వచ్చి.

నా సంగతి కూడా చెప్పాలి. నేను సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్ని. కంటిన్యుటీ చూస్తాను. అంటే, పోయిన షాటులో హీరో చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, గ్లాసులో పాలు ఎంతవరకున్నాయి, గోడ మీద ఏ ఫోటో ఎటు వంగి ఉంది అన్నీ పుస్తకంలో రాసుకుని గుర్తుపెట్టుకోవడం నా వృత్తి. ఎనిమిది నెలలుగా పనిలేదు. చూసింది మరచిపోకపోవడమే నా వృత్తి అన్న మాట మాత్రం మీరు మరచిపోకండి, నేను సిగ్గుపడే చోట పనికొస్తుంది.

"విషయం ఏంటి ప్రసాద్?" అన్నాను.

"నెల కిందట ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళాకి వెళ్ళాను. హాల్లో దండ వేసిన ఫోటో. ఒత్తు జుట్టు, పెద్ద మీసం, నుదుట బొట్టు. పాపం పోయాడనుకున్నాను. పదిరోజుల తర్వాత శ్రీనగర్ కాలనీలో వేరే ఇల్లు. గోడ మీద ఎవరు?"

"ఎవరు?"

"ఆయనే. నిన్న జూబ్లీహిల్స్‌లో ఇంకో ఇల్లు. అక్కడా ఆయనే. మూడిళ్ళు, మూడు దండలు, మనిషి ఒక్కడే. మూడు సంసారాలు శ్రీకాంత్. ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. ముగ్గురూ కలిసి పైకి పంపించేశారు."

పనిలేని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి. చొక్కా వేసుకుని బయల్దేరాను.

జూబ్లీహిల్స్ ఇంటి దగ్గర వాచ్‌మన్ రామలింగం గేటు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వరప్రసాద్ టోపీ సర్దుకుని విచారణ మొదలుపెట్టాడు.

"ఈ ఇంట్లో ఉండేది ఎవరు?"

"ఎవ్వరుంటలేరు సార్. ఓనరు బెంగళూర్ల ఉంటడు."

"మరి లోపల ఫోటో?"

"అది మొన్ననే పెట్టిన్రు. అంతకుముందు గాడ ఏం లేకుండె. వ్యాన్ల నలుగురు వచ్చి సోఫా గిట్ల దించిన్రు, ఫోటో తగిలిచ్చిన్రు, పోయిన్రు."

"నలుగురు," అని వరప్రసాద్ నా వైపు చూశాడు. నేను రాసుకున్నాను.

"భార్య వచ్చిందా?"

"వచ్చింది. ఆ ఫోటో ముంగట మస్తు ఏడ్చింది సార్. నాలుగుసార్లు ఏడ్చింది. మళ్ళ బయటికొచ్చి నవ్వుకుంట చాయ్ తాగింది. చాయ్ అయినంక లోపటికి పోయి ఇంకోసారి ఏడ్చింది."

నాలుగు టేకులు, బ్రేకు, మళ్ళీ ఒక టేకు. ఇది షూటింగులకిచ్చే ఇల్లని సినిమా పోస్టరు అంటించేవాడికైనా వెలగాలి. నాకు వెలగలేదు. "ఏడుపుల మధ్య టీ" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

లోపలికెళ్ళి ఫోటోకి ఫోటో తీసింది నేనే. నా పక్కన వరప్రసాద్ మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి దండని పరీక్షిస్తున్నాడు.

మధ్యాహ్నానికి దాన్ని మా "కృష్ణానగర్ మిత్రమండలి" వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "జూబ్లీహిల్స్ చుట్టుపక్కల మూడిళ్ళు. మూడు గోడల మీద ఒకే మృతుడు. ఎవరీయన? మూడిళ్ళూ ఎందుకు మౌనంగా ఉన్నాయి?" అక్కడితో ఆపితే బాగుండేది. కానీ చివర్లో ఏదో తగ్గినట్టనిపించి, "సాయంత్రమైతే ఆ ఫోటోలో కళ్ళు కదులుతాయట" అని చేర్చాను. ఎవరూ నాకు అలా చెప్పలేదు. ఆ "అట" పూర్తిగా నా సొంతం. నేను రాసుకున్న కథలు ఆరున్నాయి, ఒక్కటి కూడా ఎవరూ రెండో పేజీ దాటి చదవలేదు. ఈ నాలుగు ముక్కలు మాత్రం గంటలో ఊరు దాటిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషం వేసింది.

మర్నాడు టిఫిన్ వేళకి మూడిళ్ళు ఏడిళ్ళయ్యాయి. యూట్యూబులో ఒకాయన బొంగురు గొంతుతో "ఆ చూపు మీ మీద పడితే" అని వీడియో చేశాడు. గుంటూరు నుంచి మా సుబ్బులత్తయ్య ఫోన్ చేసింది.

"ఒరే శ్రీకాంతూ, మీ పేటలో ఏదో ఫోటో ఉందట. సాయంత్రం బయట తిరగమాకు. పదకొండు మందికి పంపకపోతే జ్వరమొస్తుందంట, నీకూ పంపాను, చూసుకో."

చూసుకున్నాను. నేను రాసిందే. పదకొండు మందీ, జ్వరమూ కొత్తగా చేరాయి.

"గుంటూరు దాకా తెలిసిందంటే నిజమేనన్నమాట," అన్నాడు వరప్రసాద్. "మనతో ఏ సంబంధమూ లేని సాక్ష్యం."

"ప్రసాద్, ఇది మనం పంపిందే తిరిగొచ్చింది."

"మనం మూడిళ్ళన్నాం. వాళ్ళు ఏడంటున్నారు. మనకన్నా వాళ్ళకి ఎక్కువ తెలుసన్నమాటేగా."

దారుణం ఏమిటంటే, ఆ క్షణంలో నాకూ నిజమేమో అనిపించింది.

బుధవారం రెండు పెద్ద మలుపులు. ఒకటి, ఎవరో "అయ్యో, ఈయన మా వీధిలో ఉండే బసవపున్నయ్య గారు కదా, పోయారా?" అని రాశారు. సాయంత్రానికి దీపం బొమ్మతో, పావురాలతో "బసవపున్నయ్య గారికి అశ్రునివాళి" తయారైపోయింది. రెండోది, ఎవరో ఫోటో అద్దంలో ఒక మసక నీడ కనిపెట్టి దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. టోపీ పెట్టుకుని వంగి ఉన్న నీడ. కింద "హంతకుడు?" అని ఉంది.

వరప్రసాద్ టోపీ వెనక్కి నెట్టి ఆ నీడని అరగంట చూశాడు.

"క్రూరుడు. ఆ వంగడంలోనే తెలుస్తోంది. బుద్ధి తక్కువ మొహం. ఇలాంటివాడు నా ఎదురుగా వస్తే వాసన పట్టేస్తాను."

"హతుడి పేరు తెలిసిందిగా, వాళ్ళ వీధికెళ్ళి అడుగుదామా?" అన్నాను.

"హతుడి ఇంటికి ఎవడైనా వెళ్తాడు శ్రీకాంత్. వరప్రసాద్ హంతకుడి ఇంటికే వెళ్తాడు."

హంతకుడు మా గదిలోనే సగం అద్దె కడుతున్నాడని ఇద్దరికీ తట్టలేదు.

గురువారం పొద్దున వరప్రసాద్‌కి కృష్ణానగర్‌లోనే రాజమ్మ దుకాణం నుంచి ఫిల్టరు కారుతోందని కంప్లైంటు వచ్చింది. రాజమ్మ షూటింగులకి సామాన్లు అద్దెకిస్తుంది. పాతకాలం ఫోన్లు, ఊయల బల్లలు, కొయ్య కత్తులు, డాక్టరు గోడకి డిగ్రీలు, అన్నీ. ఊరికే కూర్చోలేక నేనూ వెంట వెళ్ళాను. లోపల ఒక బక్కపల్చటి పెద్దాయన, బట్టతల, తెల్ల గడ్డం, రాజమ్మతో ఏదో బతిమాలుతున్నట్టు మాట్లాడుతున్నాడు.

వరప్రసాద్‌కి మనుషులు కనపడితే నోరు ఆగదు. ఫోన్ తీసి ఆయన మొహం ముందు పెట్టాడు.

"పెద్దాయనా, జాగ్రత్తగా చూసి చెప్పండి. ఈ మనిషిని ఎక్కడైనా చూశారా?"

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. కానీ వరప్రసాద్ ఆగలేదు.

"మీకు తెలీకపోవచ్చు. నేను చెప్తా వినండి. ఈయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. హంతకుడు ఇలా వెనక నుంచి, ఇలా మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి, ఒక్కొక్క అడుగే..."

అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. కారుతున్న ఫిల్టరు నీళ్ళల్లో కాలు జారి, గోడకి చేరేసిన ఫ్రేముల వరస మీద వెల్లకిలా పడ్డాడు. దబదబా ఫ్రేములన్నీ దొర్లి నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగాయి. నాలుగు ఫ్రేముల్లో నాలుగు సైజుల్లో ఒత్తు జుట్టు, పెద్ద మీసం, నుదుట బొట్టు.

"నా ఫోటోలన్నీ పలగ్గొట్టిండు," అంది రాజమ్మ. "అవి చచ్చిపోయిన నాయిన వేషం ఫోటోలు. నెలకు మూడు షూటింగులకు పోతయి."

రాజమ్మ నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"శ్రీకాంత్ బాబూ, మూడేండ్ల కింద పెద్ద ఫోటో తీస్కపోయింది నువ్వే గదా. దండ చిన్నగుందని వాపస్ పంపి ఇంకోటి తెప్పిచ్చుకున్నవ్."

పుస్తకంలో కూడా రాసుకుని ఉంటాను. నలభై రెండో సీను, తండ్రి ఫోటో, దండ ఎడమవైపు జారి ఉంది.

పెద్దాయన వంగి వరప్రసాద్‌కి చెయ్యి అందించి లేపాడు. కింద పడ్డ ఫోన్ తీసి తుడిచి ఇచ్చాడు.

"ఈ మనిషిని ఎక్కడ చూశానని అడిగారు కదండీ," అన్నాడు. "రోజూ అద్దంలో చూస్తానండీ. పద్దెనిమిదేళ్ళ కిందట తీయించుకున్న ఫోటో ఇది. నా పేరు బసవపున్నయ్య." కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ తెర చూశాడు. "ఈ టోపీ ఆయన మాత్రం మీరే అనుకుంటానండీ."

మహా పరిశోధకుడు టోపీ అంచు ముక్కు మీదకి లాక్కున్నాడు.

బసవపున్నయ్య గారిది బాపట్ల. వేషాల కోసం వచ్చి, మొహం ఫోటోలో హుందాగా పడుతుందని గోడకి పరిమితమైపోయాడు. నలభై సినిమాల్లో చనిపోయాడు, ఒక్కదాంట్లోనూ మాట్లాడలేదు. ఇన్నాళ్ళకి బతికున్న వేషం దొరికింది, రెండు డైలాగులు. రేపే షూటింగ్.

"నిన్న ఆ సినిమా మేనేజరుకి ఫోన్ చేశానండీ. 'ఆయన పోయారు కదా, మేమందరం నివాళి కూడా పెట్టాం, మీరెవరు?' అన్నాడు. వేషం ఇంకొకరికి ఇచ్చేశారట. అందుకే కొన్నాళ్ళు నా ఫోటోలు ఎవరికీ ఇవ్వొద్దని రాజమ్మగారిని అడుగుదామని వచ్చాను." కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంట్లో నా ఫోటో ఒక్కటీ లేదండీ. మా రాజ్యలక్ష్మి పెట్టనివ్వదు. ఎక్కడ చూసినా దండతోనే ఉంటున్నారు, ఇంట్లో కూడానా అంటుంది."

నాకు ఏడుపొచ్చింది. టేకు ఒకటే.

ముగ్గురం ఆటో ఎక్కి ఫిల్మ్‌నగర్‌లో ఆ సినిమా ఆఫీసుకి వెళ్ళాం. మేనేజర్ రవిచంద్ర గేటు దగ్గరే ఎదురయ్యాడు. ఆయన చూపు బసవపున్నయ్య గారి మీద పడలేదు, వరప్రసాద్ టోపీ మీద పడింది. ఫోన్ తీసి ఎర్ర సున్నా చూశాడు. టోపీ చూశాడు.

"ఇతనే," అన్నాడు. "ఆ ఫోటోలో ఉన్నవాడు ఇతనే. పట్టుకోండి."

డ్రైవర్లూ, లైట్‌బాయ్‌లూ చుట్టూ మూగారు. అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి. స్నానానికి కాకుండా వరప్రసాద్ మొదటిసారి టోపీ తీశాడు.

"ఆ పోస్టు రాసింది నేను," అన్నాను. "కళ్ళు కదులుతాయట అన్నది కూడా నేనే. అదంతా కల్పన."

"జరుగు, అడ్డమొస్తున్నావ్, వీడియోలో పడుతున్నావ్," అన్నాడొకడు.

అప్పుడు బసవపున్నయ్య గారు మా ఇద్దరి ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఆగండి బాబూ. ఈయన చంపింది నన్నే అయితే ఫిర్యాదు చెయ్యాల్సింది నేను. నేను చెయ్యట్లేదు. నలభైసార్లు పోయాను. ఎలా పోయావని ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. ఇవాళ ఇంతమంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నేను పోలేదు."

అరవలేదు. మామూలుగానే అన్నారు. కానీ వీధి చివర ఆటోవాడు కూడా తల తిప్పాడు. మేడ మీద వరండాలోంచి డైరెక్టర్ నిహారిక తొంగి చూసింది.

"రవిచంద్ర గారూ, ఎవరిదా గొంతు?"

"మన చనిపోయిన ఆర్టిస్టు మేడమ్."

"ఆయన్ని పైకి పంపించండి. రేపటి వేషం ఆయనదే."

మేము గేటు దాటుతుంటే రవిచంద్ర నన్ను ఆపాడు. "నువ్వు రైటర్‌వా?"

"అవుదామనుకుంటున్నానండీ."

"ఇక అనుకోకు."

ఇంటికెళ్ళి, తప్పు నాదేనని, ఆయన క్షేమమని పోస్టు పెట్టాను. పదమూడు మంది చూశారు. వాళ్ళల్లో ఒకరు "పాపం, ఇతన్ని బెదిరించి రాయించారు" అన్నారు. అది మా సుబ్బులత్తయ్య.

రెండు నెలల తర్వాత బసవపున్నయ్య గారింట్లో ఫిల్టరు పెట్టడానికి వరప్రసాద్ వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. ఫిల్టరు వాడి సొంత ఖర్చు, పరిహారమట. రాజ్యలక్ష్మి గారు కాఫీ ఇచ్చి, మమ్మల్ని హాల్లో గోడ దగ్గరికి పిలిచారు. షూటింగులో తీసిన స్టిల్లు, చక్కటి ఫ్రేములో. తెల్ల గడ్డంతో బసవపున్నయ్య గారు, చెయ్యి కాస్త ఎత్తి, నోరు తెరిచి డైలాగు చెబుతున్నారు. దండ లేదు. దండకి మేకు కూడా కొట్టనివ్వలేదట ఆవిడ.

నా కళ్ళు తడయ్యాయి. ఇన్నాళ్ళకి మేం చేసిన మంచిపని ఇదొక్కటే అని చెబుదామని వరప్రసాద్ వైపు తిరిగాను. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి, ఆ ఫోటోని పరీక్షగా చూస్తున్నాడు.

"శ్రీకాంత్," అన్నాడు గుసగుసగా. "నోరు తెరిచే ఉంది చూడు. ఏదో చెప్పబోయాడు. మధ్యలో ఎవరో ఆపేశారట."

వాడి జేబులోంచి ఫోన్ తీసుకున్నాను. నా జేబులోంచి నాది తీశాను. రెండూ రాజ్యలక్ష్మి గారి చేతిలో పెట్టి, మేం వెళ్ళేదాకా దాచమన్నాను.