బాలింతకు నోరెందుకండీ?

తొలిచూలు బాలింత చెవుల్లో దూది పెట్టాలని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. చల్లగాలి సోకదట. బాగుంది! అదే చేత్తో నోటికి కూడా ఏదో ఒక ఏర్పాటు చేసి ఉంటే ఆరోగ్యశాఖ వారికి ఎంత శ్రమ తప్పేది!

ఎందుకంటారా? ఆమె తరఫున మాట్లాడటానికి ఇంటినిండా జనం ఉండగా ఆమెకు వేరే నోరెందుకండీ? వెల్లుల్లి కారం కలిపిన అన్నం లోపలికి పోవడానికి ఒక దారి కావాలి, నిజమే. ఆ దారిలో మాటలు బయటికి రావాలని ఎక్కడుంది? నమ్మకం లేనివాళ్లు గద్వాల వచ్చి సౌందర్యను చూడండి.

సౌందర్య కాపురం వనపర్తిలో. మొగుడు నిరంజన్ అక్కడ కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. తొలికాన్పు కాబట్టి పుట్టింటికొచ్చింది. గద్వాలలో మగ్గం ఇల్లు వాళ్లది. తండ్రి నాగప్ప ముందు అర్రలో చీర నేస్తుంటాడు, వెనక అర్రలో ఉయ్యాల ఊగుతుంటుంది. ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, గుండ్రంగా, అచ్చం నిరంజన్ లాగే నిద్రముఖం!

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిన్న చిక్కు. పొద్దుగూకే వేళకు సౌందర్యకు ఏడుపొస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. తల్లి సత్తెమ్మ గుడ్డు పెడుతోంది, మంచం కింద కుంపటి పెడుతోంది, కాళ్లు పిసుకుతోంది. అయినా ఏడుపే. పైగా బిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు వణుకుతాయి, ఎక్కడ జారిపోతుందోనని. ఇది అందరికీ అయ్యేదేనా? లేక తానొక్కతే తల్లిగా పనికిరానిదా? ఈ ఒక్క ముక్క తెలిసిన మనిషిని అడగాలి. అడక్కపోతే పిచ్చెక్కేలా ఉంది ఆ పిల్లకు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారు నర్సును ఇంటికే పంపించారు! కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ల యోగక్షేమాలు గడప తొక్కి మరీ కనుక్కోవాలట. నర్సు పేరు ఆఫియా. వాడకట్టు అందరికీ సిస్టరమ్మ. భుజాన సంచి, అందులో బీపీ మిషన్, ఎండకు కమిలిన ముఖం. వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఎట్లున్నవ్ సౌందర్యా?"

"మంచిగుంది సిస్టరమ్మా" అంది సత్తెమ్మ.

"నిద్ర పడుతుందా?"

"పట్టక? పండిందంటే పొద్దెక్కేదాక లెవ్వదు" అంది జములమ్మ. ఈమె రోజూ పొద్దున వచ్చి తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసి పోయే ముసలమ్మ. రాత్రిళ్లు తన ఇంట్లో పడుకుంటుంది. అయినా ఎంత కచ్చితంగా చెప్పిందో చూడండి!

"కుట్లకాడ నొప్పి గిట్ల ఉందా?"

"నా కుట్ల సంగతి చెప్త ఇను సిస్టరమ్మా" అంటూ పక్కింటి రంగమ్మ ముందుకు జరిగింది. ఆమె చిన్నకొడుకు అప్పటికి లారీ నడుపుతున్నాడు. అయినా ఆ కుట్ల కథ చాయ్ చల్లారేదాకా నడిచింది.

ఎంత సౌకర్యమండీ ఇది! విలేఖరులు ప్రశ్న వేస్తే మంత్రిగారు పాపం తానే తడుముకోవాలి. మన సౌందర్యకు ముగ్గురు ప్రతినిధులు, ముగ్గురూ కప్పు చాయ్ మీద పనిచేసేవాళ్లే! పట్నంలోనైతే డాక్టరు తలుపేసి, ఫీజు పుచ్చుకుని, "ఇప్పుడు చెప్పమ్మా" అంటాడట. ఏం దౌర్జన్యం! రోగమూ ఆమెదే, దాన్ని వర్ణించే కష్టమూ ఆమెదేనా?

రెండోసారి సిస్టరమ్మ వచ్చేసరికి బీపీ మిషన్ కబురు వాడంతా పాకింది. చొక్కా చేయి పైకి మడిచి పట్టుకున్న ముసలివాళ్లు వాకిట్లో బారులు తీరారు. ఒకాయనకు మోకాళ్లు, ఒకామెకు కళ్లు మసకలు. ఇంకొకాయనకు ఏ రోగమూ లేదు గానీ ఆయన బర్రె మేత ముట్టడం లేదు. "మనిషి మందు బర్రెకు పనిచెయ్యదా సిస్టరమ్మా?" అని ఆయన సందేహం. ఆఫియా నవ్వాపుకోలేక, బర్రె విషయం తప్ప అందరి విషయమూ చూసింది. కూర్చోవడానికి చోటు చాలక ఇద్దరు ఆడవాళ్లు సౌందర్య మంచం మీదే సర్దుకున్నారు. సౌందర్య కాళ్లు ముడుచుకుని గోడకు అంటుకుపోయింది.

ఆ సందడిలో ఆ పిల్ల ధైర్యం చేసింది. "సిస్టరమ్మా, నాకు..." అని నోరు తెరిచింది.

"దానికి దూపైనట్లుంది, జర నీళ్లియ్యండ్రే!" అని కేకేసింది రంగమ్మ. నాలుగు చెంబులొచ్చాయి. సౌందర్య తాగింది. ఏం చేస్తుంది మరి, నోరు తెరిచింది కదా! నీళ్లతో పాటు ఆ మాట కూడా లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఉయ్యాల వైపు ముఖం తిప్పుకుని ఎప్పటికంటే ఎక్కువసేపు ఏడ్చింది. కానీ రాజ్యమంతా ఆరోగ్యంగా ఉంది, బర్రె తప్ప!

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవస్థను మూడోసారికి ఆఫియానే చెడగొట్టింది.

ఆ రోజు నిరంజన్ దుకాణం బంద్ చేసుకుని వనపర్తి బస్సెక్కి వచ్చాడు. అల్లుడొచ్చాడంటే మాటలా! ఫ్యాన్ కింద కుర్చీ వేశారు. కోడి కోశారు. మూడుసార్లు చాయ్ ఇచ్చారు. బిడ్డను తప్ప అన్నీ చేతికిచ్చారు! ఉయ్యాల దగ్గరికి చేయి చాపగానే సత్తెమ్మ పరుగెత్తుకొచ్చింది. "వద్దల్లుడా, మెడ నిల్వని పిల్ల. నీకు రాదు." నిరంజన్ చేయి వెనక్కి తీసుకుని ఫ్యాన్ కిందికి పోయి కూర్చున్నాడు.

అప్పుడే ఆఫియా వచ్చింది. ఈసారి సంచి తెరవలేదు. "పాలమూరుకు ట్రైనింగ్‌కు పోయొచ్చిన. తల్లితోటి, తండ్రితోటి విడిగ మాట్లాడాల్నని గట్టిగ చెప్పిండ్రు. జర అందరూ బయటికి పోండమ్మా" అంది. నిరంజన్‌ను మాత్రం లోపలే ఉండమంది.

బయటికి పొమ్మనడమా! ఆ వాడలో ఆ మాటకు ఒక్కటే అర్థం. పెద్ద దవాఖానలో డాక్టరు "అందరూ బయటికి పోండి" అన్నాడంటే ఇక లోపలి మనిషి సంగతి అయిపోయినట్టే. సత్తెమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముందు అర్రలో నాగప్ప మగ్గం ఆగింది.

తలుపు మూసుకుందో లేదో, పిల్ల గుండెకు రంధ్రమన్నారు. వీధి మలుపు చేరేసరికి రెండు రంధ్రాలయ్యాయి. చాయ్ హోటల్ దగ్గర పిల్లను కర్నూలు పెద్ద దవాఖానకు రాసిచ్చారన్నారు. జములమ్మ తన పేరే ఉన్న ఊరి అమ్మవారికి కోడిపుంజును మొక్కేసింది. ఎవరు పిలిచారో తెలియదు, ఒక ఆటో వచ్చి వాకిట్లో ఆగి "కర్నూలుకేనా?" అని హారన్ కొట్టింది. అయిజలో ఉన్న చుట్టాలకు ఫోన్ చేయడానికి ఒకరు కాయిన్ బాక్స్ దగ్గరికి ఉరికారు. ఏడవడానికి మనుషులు తయారు! ఒక్క ఆడమనిషిని పది నిమిషాలు మాట్లాడనిస్తే ఊరికి ఎంత నష్టమో చూశారా?

లోపల మాత్రం ఆఫియా స్టూలును మంచం దగ్గరికి జరుపుకుంది.

"ఎట్లున్నవ్ సౌందర్యా?" అంది ఆఫియా.

సౌందర్య అలవాటుగా తలుపు వైపు చూసింది. జవాబు చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. "మంచిగున్న" అంది. తల్లి మాటే, తల్లి గొంతుతోనే వచ్చింది. చూశారా, ఎంత బాగా నేర్పారో!

ఆఫియా ఇంకేమీ అడగలేదు. లేచిపోలేదు కూడా. స్టూలు మీద అట్లాగే కూర్చుంది. ఆ కూర్చోవడం భరించలేక మొదట నోరు విప్పింది నిరంజన్.

"నాకైతే భయమైతుంది సిస్టరమ్మా. మోటరు కాలిపోతే మల్ల కడ్త. గీ పిల్లను ఎత్తుకుంటే ఏమైతదో తెల్వదు. నాకు రాదంటుండ్రు. నిజంగనే రాదేమో."

సౌందర్య మొగుణ్ని తొలిసారి చూస్తున్నట్టు చూసింది. "నాకు గూడ" అంది. ఆ తర్వాత ఆగలేదు. పొద్దుగూకడం, ఏడుపు, వణికే చేతులు, అన్నీ కట్ట తెగినట్టు బయటపడ్డాయి. "అందరికి అయితదా గిది? నాకొక్కదానికేనా?"

"దానికేం కాలె సిస్టరమ్మా! మంచిగుంది!" అని కిటికీలోంచి రంగమ్మ అరిచింది.

"రంగమ్మత్తా" అంది సౌందర్య ఏడుస్తూనే, "సిస్టరమ్మ నన్ను అడుగుతుంది."

కిటికీలోని తల కిందికి దిగిపోయింది. మనసు చివుక్కుమన్నట్టుంది రంగమ్మకు. మరి ఉండదా? ఎన్నాళ్ల కొలువు, ఒక్క మాటతో పోయింది!

ఆఫియా సౌందర్య చేయి పట్టుకుంది. "చానమందికి అయితది. చెప్పరు, అంతే. పొద్దుగూకే యాళ్లకు ఒక్కదానివే ఉండకు. నేను మల్ల వస్త. అప్పటికీ తగ్గకుంటే నేనే డాక్టరమ్మ కాడికి తోల్కపోత. నువ్వు రా నిరంజన్. మెడ కింద చెయ్యి పెట్టు, గట్ల." నిరంజన్ ఊపిరి బిగబట్టి బిడ్డను ఎత్తుకున్నాడు. ఆ పిల్ల తండ్రి చొక్కా తడిపి ఆశీర్వదించింది. ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

లోపలినుంచి నవ్వులు వినబడేసరికి బయట జనానికి మరింత పరేషాన్ పట్టుకుంది. సత్తెమ్మ ఇక ఆగలేక తలుపు తోసుకొచ్చింది. "ఏమైందే? ఏం రోగమంట?"

"ఏం రోగం లేదమ్మా. ఊకె ఏడుపొస్తుంది. భయమైతుంది. చానమందికి అయితదంట" అంది సౌందర్య. తల్లి ముఖంలోకి చూసి అడిగింది, "నేను పుట్టినప్పుడు నీకు గూడ గిట్లనే అయ్యిండెనా?"

సత్తెమ్మ అంటే ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పే మనిషి. కూతురి తరఫున, అల్లుడి తరఫున, అవసరమైతే పక్కింటి వాళ్ల తరఫున కూడా. ఈసారి మాత్రం ఉయ్యాల తాడు పట్టుకుని ముడి సరిచేయసాగింది.

"దానికేమయ్యింది! మంచిగనే ఉండె!" అంది గుమ్మంలోంచి జములమ్మ.

"నువ్వూకో జములమ్మా" అని సత్తెమ్మ మెల్లగా మంచం అంచున కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నన్నెవరడిగిండ్రే, బిడ్డా?"