బ్రేకు అలిగిన రోజు

ఆ రోజు కార్యక్రమం చాలా సులువైనది. తొమ్మిదింటికి బయల్దేరడం, పదింటికి భార్య బండి పరీక్ష పాసవడం, భోజనం వేళకి ఇంటికి చేరడం. సోమవారం నుంచి ఆమెకి ఊరి చివర ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. తెల్లవారుజాము డ్యూటీకి అటువైపు బస్సులుండవు కాబట్టి లైసెన్సు ఉంటేనే ఉద్యోగం. కిందటిసారి మిట్ట మీద బండి వెనక్కి జారి పరీక్ష పోయింది. ఈసారి పోతే ఉద్యోగమూ పోతుంది.

"అంత దూరం అవసరమా?" అని భర్త ఒకసారి, ఒకే ఒక్కసారి, నోరు జారాడు. ఆ మాట ఆమె ఇంకా మర్చిపోలేదు.

"ఏమండీ, ఈ పంచదార డబ్బా మూత కాస్త తీసిపెట్టండి," అంది వంటింట్లోంచి.

అతను పళ్ళు బిగించి తిప్పాడు. తువ్వాలు చుట్టి తిప్పాడు. చివరికి కాఫీ చేదుగానే తాగాడు. మామగారు వచ్చినప్పటి నుంచీ ఇంట్లో మూతలన్నీ ఇంతే. బస్సు కదిలేముందు చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడడం డిపోలో ఆయన పని. రిటైరైంది ఆయనే కానీ ఆయన చెయ్యి కాదు. కుళాయిలు, కిటికీ గడియలు, కుక్కరు పిడి, దేన్నీ వదల్లేదు.

బండి తుడిచి, తాళం తిప్పి, అతను ముందు బ్రేకు నొక్కి చూశాడు. నొక్కిన లివరు నొక్కినట్టే ఉండిపోయింది. వెనక ఎర్రలైటు ఆరలేదు, ముందు చక్రం తిరగలేదు. దుమ్మేమోనని తుడిచాడు, చుక్క నూనె వేశాడు, బుజ్జగించాడు. ఆఖరికి లివరు తిరిగేచోట ఉన్న చిన్న బోల్టుని స్పానరుతో కాస్త వదులు చేస్తే లివరు టక్కున వెనక్కొచ్చింది. ఏనుగెక్కినంత సంబరంగా చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కుళాయి విప్పడానికే బోలెడంత సేపు పట్టింది.

తిరిగొచ్చేసరికి వరండాలో మామగారు పేపరు చదువుకుంటున్నారు. లివరు మళ్ళీ పట్టేసింది. మళ్ళీ వదులు చేశాడు. హెల్మెట్ తెచ్చుకునేలోగా మళ్ళీ బిగుసుకుంది.

"ఇదేం మాయ మామయ్యగారూ?"

"యంత్రాలంతే అల్లుడుగారూ. ఓ కంట కనిపెడుతుండాలి. నేను చూస్తూనే ఉన్నాగా," అన్నారాయన పేపరులోంచి తలెత్తకుండా.

ఇక లాభం లేదని మొగుడూపెళ్ళాలు బండిని వీధి చివరి మెకానిక్కు దగ్గరికి ఈడ్చుకెళ్ళారు. మెకానిక్కు వేలితో లివరుని బయటికి తోశాడు, అది కదిలింది. బోల్టు వైపు చూసి నవ్వాడు.

"బండికి రోగమేం లేదు సార్. ఎవరో పగబట్టి బిగించారు."

ఆమె మొగుడి వైపు చూసింది.

"పొద్దుట్నుంచీ స్పానరు మీ చేతిలోనే ఉంది కదూ?"

"వదులు చెయ్యడానికే!"

"నేను ఉద్యోగానికి వెళ్ళడం ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి. బోల్టులతో చెప్పించకండి."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఆ ఉద్యోగం రావాలని ఆమెకన్నా ఎక్కువగా కోరుకున్నది తనే. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? ఏ దొంగతనమూ చెయ్యకుండానే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. మెకానిక్కు బోల్టు సరిచేసిచ్చాడు. మైదానం దాకా ఆమె బండి వెనక అంచున దూరంగా జరిగి కూర్చుంది.

పరీక్ష మైదానానికి మామగారు ఆటోలో వచ్చేశారు.

"మీరిద్దరూ వెళ్ళి కాయితాలు చూపించి రండమ్మా. బండి దగ్గర నేనుంటాను."

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆమె వంతు రానేవచ్చింది. ఆమెకన్నా ముందు వెళ్ళినవాళ్ళు మిట్ట మీద వెనక్కి జారి, తలలు వంచుకుని వస్తున్నారు. ఆమె మిట్ట ఎక్కింది. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. బ్రేకు నొక్కి, ఆగి, వేళ్ళు తీసేసింది.

లివరు మాత్రం వెనక్కి రాలేదు. దూరం నుంచి ఆరని ఎర్రలైటు చూసి భర్త కళ్ళు మూసుకున్నాడు.

బండి ఒక్క అంగుళం జారలేదు. మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. ఆమె తొణక్కుండా గేరు వేసి, ఇంజను బలం పుంజుకున్నాక, మెకానిక్కు చేసినట్టే లివరుని వేలితో బయటికి తోసి, హాయిగా మిట్ట దాటేసింది.

"బ్రేకు మీద ఇంత పట్టున్నవాళ్ళని ఈమధ్య చూళ్ళేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, పాసైనట్టు సంతకం పెడుతూ.

మామగారు ఎదురొచ్చి కూతురి తల నిమిరారు.

"నువ్వు పాసవుతావని నాకు తెలుసే తల్లీ. కానీ ఆ బండితో జాగ్రత్త. లివరు బోల్టు పొద్దుట్నుంచీ నేను బిగిస్తుంటే అది వదులైపోతోంది. ఇందాక మీరు కాయితాలకి వెళ్ళినప్పుడు కూడా గట్టిగా బిగించాను." అంటూ జేబులోంచి తన స్పానరు తీసి చూపించారు.

ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"తొందరపడి అనేశానండీ."

"పోనిద్దూ," అన్నాడతను. పరీక్ష గట్టెక్కింది, నింద తొలగింది, పోయిన ప్రాణం లేచొచ్చింది. "సోమవారం మొదటి రోజు నేనూ వస్తా. వెనక కూర్చుంటా."

"ముందా బోల్టు వదులు చెయ్యండి."

అతను బోల్టు వదులు చేసి, మామగారి స్పానరుని వినయంగా అందుకుని తన జేబులో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే ముగ్గురూ వరండాలో కూర్చుని తృప్తిగా కాఫీ తాగారు, చేదుగానే.