పద్మం బిళ్ళలు, రాగి బిందె

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ నిమ్మకాయంత చింతపండు దగ్గర మొదలైంది.

"ఏమండీ, చారుకు నానబెట్టిన చింతపండు ఏది?"

"నేను తీసుకున్న."

"చారు కాచిండ్రా?"

"బిళ్ళలు తోమిన."

స్నానాల గది గుమ్మంలో పీట వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, మా ఆయన జయప్రకాశ్ నా చారునంతా పాత ఇరవై పైసల బిళ్ళలకు పట్టిస్తున్నారు. బకెట్లో నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది.

అలా వెలగడం పెళ్ళయ్యాక మూడుసార్లు చూశాను. కుందేళ్ళు పెంచినప్పుడు, పుట్టగొడుగులు పెంచినప్పుడు, గడ్డం పెంచినప్పుడు. మూడూ నెల దాటలేదు.

"రాగి కిలో మూడు వందలు దాటింది భవానీ! పేపర్ల పడ్డది. ఈ బిళ్ళల నూటికి తొంభై పాళ్ళు రాగే. బజార్ల ఎవ్వడూ తీసుకుంటలేడు. మనం పోగేసి తూకానికి అమ్ముతం."

"అమ్మి?"

"భద్రాచలంల గోదారి ఒడ్డున చిన్న ఇల్లు కడతం. పొద్దున కాఫీ తాగుతుంటే కిటికీల గోదారి కనపడాలె."

"వంటగదులు రెండు కట్టించండి. ఒకదాంట్లో మీరు బిళ్ళలు తోముకుందురు, ఒకదాంట్లో నేను చారు కాచుకుంటా."

ఇది రెండువేల ఆరు నాటి మాట. మేం పాల్వంచ కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఆయన ప్లాంటులో స్టోర్స్ సెక్షన్. బోల్టులు ఒక డబ్బాలో, నట్లు ఇంకో డబ్బాలో వేసీ వేసీ, దేన్ని చూసినా వేరు చేయాలనిపించే జబ్బు ఆయనకు.

పాత రేడియో స్పీకర్లోంచి ఒక అయస్కాంతం ఊడదీసి, దారం కట్టి, చొక్కా జేబులో వేసుకున్నారు. బిళ్ళ అంటుకుంటే స్టీలు, దండగ. అంటుకోకపోతే మన సరుకు. టీ కొట్టువాడు చిల్లరిచ్చినా ముందు అయస్కాంతానికి చూపించి తర్వాత జేబులో వేసుకునేవారు. షిఫ్టు బస్సులో ఒకసారి అది పక్కాయన టిఫిన్ క్యారియర్ కమ్మీకి పట్టుకుందట. పాపం, ఇద్దరూ ఒకే స్టాపులో దిగారని కాలనీ అంతా చెప్పుకున్నారు. అప్పట్నుంచి ఆయన పేరు అయస్కాంతం అంకుల్.

మాకు చింతపండు తెచ్చే సోమ్లి అరవై దాటిన మనిషి. అడవి దగ్గరి తండా నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఆమె రవికెకు వరసలు వరసలుగా పాత బిళ్ళలు కుట్టి ఉంటాయి. ఆ వారం ఆమె గంప దించిందో లేదో, మా ఆయన అయస్కాంతం పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

"అమ్మా," అంది సోమ్లి నాతో, "సారు చూపు నా బిళ్ళల మీద పడ్డది. నలభై ఏండ్ల కింద నా మీద పడ్డా కొంచెం బాగుండు."

ఆయన మొహం చింతపండు రంగుకు తిరిగింది. అయినా బేరం వదల్లేదు. పాత ఇరవై పైసలకు కొత్త రూపాయి. సోమ్లి కాసేపు ఆయన్ని జాలిగా చూసింది. మరుసటి వారం చెంగులో మూట కట్టుకుని వచ్చింది. ఆ పై వారం రెండు మూటలు. మూడో వారానికి గంపలో చింతపండే లేదు.

"ఏందే సోమ్లీ, నా చింతపండు?"

"అది మొయ్యాలంటే మెడ నొస్తది. గిదే నయముంది."

బిళ్ళలు దాచడానికి ఆయనకు నా రాగి బిందె నచ్చింది. వైరాలో మా అమ్మ వాడిన బిందె అది. నేను కాపురానికి వచ్చేరోజు, తడి కూడా ఆరకుండా నా చేతికిచ్చింది. అంచు మీద చిన్న సొట్ట. మా అమ్మ బావి గట్టుకు తగిలించింది.

శ్రావణం ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో ఉండగా, ఊరికే ఆ బిందెలో చెయ్యి పెట్టాను. బిళ్ళలు చల్లగా, వాగులో గులకరాళ్ళలాగా జారాయి. ఒకటి తీసి చూశాను. చింతపండుకు తేలిన పసుపు, దాని మీద విచ్చుకున్న పద్మం. చిన్నప్పుడు మా నాన్న ఇచ్చిన ఇలాంటి బిళ్ళను నేను ఖర్చుపెట్టేదాన్ని కాదు. ఎండకు పట్టి, గోడ మీద వెలుగు మచ్చను ఆడించేదాన్ని. అమ్మ బిందె దించి, ఆ మచ్చను పట్టుకోబోయినట్టు చెయ్యి చాచేది.

వాన పడుతూనే ఉంది. దోసిట్లో బిళ్ళలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. గోదారి ఒడ్డున ఇల్లు నాకూ కనపడింది. కిటికీ, కిటికీలో నీళ్ళు, కిటికీ కింద పీట మీద ఈ సొట్ట బిందె. కలలో ఇల్లు ఆయన కట్టారు, సామాను నేను సర్దుకున్నాను.

ఆ సాయంత్రమే ఆయన బిందె చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"పాత ఇనుప సామాన్ల పిచ్చయ్య ఐదు కిలోలకు తక్కువైతే మంచి రేటియ్యనన్నడు. బిళ్ళలన్నీ కలిపినా రెండున్నర కాలే."

"అయితే?"

"ఈ బిందె రెండున్నర ఉండదా?"

"అది మా అమ్మది."

"గోదారింట్ల వెండిది కొంటనే!"

"ఎప్పుడిస్తారు పిచ్చయ్యకు?"

"శనివారం. శుక్రవారం దాకా పొద్దుగాల షిఫ్టు."

"సరే" అన్నాను.

ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. ఇరవై మూడేళ్ళ కాపురంలో నా 'సరే'లు ఎన్ని రకాలో ఏ అయస్కాంతంతోనూ ఆయన వేరు చేసుకోలేకపోయారు.

సత్తుపల్లి పక్క ఊళ్ళో ఉండే మా అత్తగారికి ఫోన్ చేశాను. "అత్తయ్యా, ఈసారి వరలక్ష్మీ వ్రతానికి మీరు రావాలి" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. గురువారం బస్సు దిగి ఇంటికొచ్చాక కాఫీతోపాటు ఒక బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను.

"ఇది పద్మం బిళ్ళ కదే అమ్మాయ్! మా అత్తగారు నూట ఎనిమిది బిళ్ళలతో లక్ష్మీపూజ చేసేది. ఎక్కడిదే?"

"మీ అబ్బాయి ఏరి తెచ్చారు."

"మా జయ?" ఆవిడ కళ్ళు తడిశాయి. "దేవుడి గదిలోకి రమ్మంటే పారిపోయేవాడు! ఎన్ని తెచ్చాడు?"

బిందె చూపించాను.

శుక్రవారం తెల్లారి ఆయన డ్యూటీకి పోగానే ఇంటి పెత్తనం అత్తగారిదైంది. బిళ్ళలు పళ్ళెంలోకి, బిందె బియ్యం పోసిన పీట మీదికి వచ్చాయి. బిందెకు పసుపు రాసి, మామిడాకులు పెట్టి, కొబ్బరికాయ నిలబెట్టి కలశం చేసింది. ఒక్కో బిళ్ళ మీద కుంకుమ పడింది. నూట ఎనిమిది అయ్యాక, మిగిలినవాటికి బాధ కలుగుతుందని వాటికీ చేసింది.

ఎదురు క్వార్టర్ ప్రమీలారాణి చూసి వెళ్ళింది. గంటలో కాలనీ అంతా పేరంటానికి వచ్చింది. తాంబూలంలో తలా ఒక బిళ్ళ అనుకున్నాం.

"ఇంకోటి మా కోడలికి వదినా."

"మా ఆడపడుచు కాకినాడలో ఉంది, దానికో నాలుగు."

"పూజ చేసినవి పిన్నిగారూ, కాదనకూడదు."

అత్తగారు ఎవరినీ కాదనలేదు. సోమ్లి గంపతో వస్తే ఆమెకూ బొట్టు పెట్టి, ఐదు బిళ్ళలు చెంగులో వేసింది.

రెండున్నరకు మా ఆయన తడిసిన గొడుగుతో వచ్చారు. గుమ్మంలో యాభై జతల చెప్పులు. లోపల ఖాళీ పళ్ళెం. పీట మీద పసుపు పూసుకుని, నెత్తిన కొబ్బరికాయతో నా బిందె.

"భవానీ, నా బిళ్ళలు..."

"ఎంత పుణ్యం కట్టుకున్నావురా నాయనా!" అని అత్తగారు అక్షింతలు వేసింది. ఆడవాళ్ళంతా వేశారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా అందులో రెండు గింజలు పడ్డాయి.

"బిందె..." అన్నారు నా చెవిలో.

"కలశంగా కూర్చున్నదాన్ని పిచ్చయ్య దగ్గరికి పంపుతారా? మీ అమ్మనే అడగండి."

అడగలేదు.

విస్తళ్ళు వేశాం. పులిహోర వడ్డించాను. చింతపండు పులుపు ఆయనకు ఎక్కడ తగిలిందో, ముద్ద మింగకుండా కిటికీలోంచి వానను చూస్తూ కూర్చున్నారు. గోదారి ఒడ్డు ఇంటిని ఒక్కో ఇటుకా విప్పుతున్నట్టున్నారు. నాకూ కొంచెం బాధేసింది. కిటికీ ఒక్కటైనా ఉంచుకోండి అనాలనిపించింది. ఇంకో గరిటె పులిహోర వేశాను.

అప్పుడు అత్తగారు అందరూ వినేలా చెప్పింది.

"ఇకనుంచి ఏటా శ్రావణానికి ఈ ఇంట్లో ఈ బిందెతోనే వ్రతం. నూట ఎనిమిది పద్మం బిళ్ళలు తెచ్చే పని మా జయది. నేనున్నన్నాళ్ళూ వచ్చి చూసుకుంటా."

మా ఆయన తల వంచి ఊపారు.

బంతి చివర కూర్చున్న సోమ్లి ఎడంచేత్తో కొంగు ముడి విప్పింది. ఐదు బిళ్ళలు, కుంకుమ ఇంకా పోలేదు. ఒక్కొక్కటిగా నేల మీద పేర్చింది.

"వచ్చే ఏటికి ఇప్పుడే తీసుకో సారూ. బిళ్ళకు రెండు రూపాయలు."

ఆయన ఎడంచెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. దారంతో అయస్కాంతం బయటికి వచ్చింది.

"నువ్వు కొన్నవే కద సారూ," అంది సోమ్లి, "మళ్ళ చూస్తవేంది?"