టీ పూసిన గాలం కర్ర

పాలు పోయని టీలో ఎనిమిది చెంచాల పంచదార కరగబెట్టి, ఆ పాకాన్ని కుంచెతో గాలం కర్రకి పూసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నష్టం లేదు. మూడు మంగళవారాలు నేను చేసిన పని అదే. మా ఆవిడ ఎనిడ్ మంగళవారం పొద్దున పదింటికి చర్చి హాల్లో కుట్టుపనికి వెళ్తుంది, పన్నెండున్నరకి వస్తుంది. ఆ రెండున్నర గంటల్లోనే నేను మోసం చెయ్యాలి, ఆరబెట్టాలి, బల్ల తుడవాలి.

కర్ర కార్బన్‌ది. పదమూడు అడుగులు, మూడు ముక్కలు, పిట్ట ఈకంత తేలిక, బొగ్గంత నలుపు. దాన్ని వెదురు కర్రగా మార్చాలని నా పథకం. ముందు షెడ్డులో మిగిలిన మీగడ రంగు పెయింటు వేశాను. ఆరు చీలికలు అతికించి చేస్తారు కాబట్టి వెదురు కర్రకి ఆరు పలకలుంటాయి, కార్బన్ గుండ్రం. అందుకని పెన్సిల్‌తో ఆరు గీతలు గీశాను. కణుపులు దిద్దాను. ఎనిడ్ కుట్టుపెట్టెలోంచి ఎర్ర పట్టుదారం తీసి రింగుల దగ్గర చుట్టాను. పైన మెరుపు కావాలి కదా. వార్నిష్ వేస్తే ఇల్లంతా వాసన. అందుకే పంచదార టీ.

ఇంత అవస్థ ఎందుకంటే, జులైలో ఏవన్ నది మీద లయొనెల్ కప్పు పోటీ ఉంది. లయొనెల్ ఎనిడ్‌కి అన్న, నాకు బావ. ఫిబ్రవరిలో పోయాడు. కప్పు ఇచ్చింది ఎనిడ్. కప్పుతో పాటు ఒక నియమం కూడా ఇచ్చింది. కర్ర వెదురుదే కావాలి, రీలు పాతకాలం చక్రానిదే కావాలి, నీళ్ళ మీద తేలే బెండు ఈకతో చేసిందే కావాలి. కొత్త సామానుతో వచ్చినవాళ్ళు ఒడ్డున కూర్చుని టీ తాగి వెళ్ళొచ్చు.

నా దగ్గర వెదురు కర్రలు ఒకప్పుడు తొమ్మిదుండేవి. కార్బన్ వచ్చిన ఏడాది వాటిని తోటలో టమాటా మొక్కలకి ఊతంగా పాతేశాను. అవి కుళ్ళిపోయి పాతికేళ్ళు దాటింది. కాయలు మాత్రం బాగా కాశాయి.

మా ఊరు రెడిచ్‌లో ఒకప్పుడు ప్రతి రెండో ఇంటివాడూ సూదులో గాలాలో రీళ్ళో చేసి బతికినవాడే. నేను పదిహేనో ఏట కర్రల కార్ఖానాలో చేరాను. వెదురుని ఆరు చీలికలు చేసి, జిగురు పెట్టి, ఒక్క కర్రగా అతికించటం నాకు నేర్పింది లయొనెల్. చెల్లెల్ని పరిచయం చేసిందీ ఆయనే. రెండూ నాకు బాగానే అతుక్కున్నాయి.

తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది. దాన్ని చూసి వెదురు విభాగం వాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత కార్బన్ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఒక శుక్రవారం పద్దెనిమిది మందిని ఇంటికి పంపేశారు. అందులో బావ ఒకడు. నాకు తెల్లకోటు తొడిగి కార్బన్ గదికి మార్చారు. బావ పాలబండి తోలుకున్నాడు. తెల్లారకముందే మా గుమ్మంలో రెండు సీసాలు పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేవాడు. నేను లేచేసరికి నా తెల్లకోటూ తెల్లగానే ఉండేది, పాలూ తెల్లగానే ఉండేవి. నా మొహమే కొంచెం నల్లబడేది.

అయినా ఆదివారాలు ఇద్దరం ఏవన్ ఒడ్డున పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఏటేటా నా కర్ర పొడుగైంది. కూర్చునే పెట్టెకి కాళ్ళు వచ్చాయి, కాళ్ళకి మరలు వచ్చాయి, పక్కన పళ్ళేలు వచ్చాయి. అవన్నీ మొయ్యడానికి తోపుడుబండి వచ్చింది. బావది అదే వెదురు కర్ర, అదే తీగబుట్ట, అదే నెమలి ఈక బెండు. నేను సామాను బిగించేసరికి ఆయన నాలుగు రోచ్ చేపలు పట్టి, ముద్దు చేసి, తిరిగి నీళ్ళలోకి వదిలేసేవాడు.

ఆరేళ్ళ కింద క్లబ్బు విందులో నన్ను మాట్లాడమన్నారు. అప్పటికి కొంచెం పుచ్చుకున్నాను. "మా బావ చేతిలో ఉన్నది గాలం కర్ర కాదు, కోట్లు తగిలించే కొయ్య. చేపలు జాలిపడి వస్తున్నాయి," అన్నాను. అరవై మంది నవ్వారు. బావ కూడా నవ్వాడు. మరుసటి ఆదివారం ఆయన ఒడ్డుకి ఆ చివర ఎక్కడో కూర్చున్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళూ అక్కడే కూర్చున్నాడు. నేను మాట కలపలేదు. ఇవాళ కలుపుదాం, వచ్చే వారం కలుపుదాం అనుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరిలో ఆయన్ని చూడటానికి ఆసుపత్రి దాకా వెళ్ళాను. కారు పెట్టడానికి చోటు దొరకలేదని ఎనిడ్‌కి చెప్పి తిరిగొచ్చాను. అక్కడ కనీసం ముప్పై చోట్లు ఖాళీగా ఉన్నాయి. బుధవారం ఆయన పోయాడు.

అందుకే ఆ కప్పు నాకు కావాలనుకున్నాను. గెలిచి, ఆయన పేరున్న కప్పుని మా అలమరలో పెట్టుకుంటే ఏదో సర్దుబాటు అవుతుందని నా బుర్రకి తోచింది. నా బుర్ర సంగతి మీకు తెలుసు.

"కర్ర దొరికిందా?" అని ఒక సాయంత్రం ఎనిడ్ అడిగింది.

"దొరికింది."

"ఎక్కడ?"

"బ్రోమ్స్‌గ్రోవ్‌లో ఒకాయన ఇచ్చాడు."

"పేరు?"

నా కళ్ళు వంటింట్లో సాయం కోసం వెతికాయి. పొయ్యి మీద కెటిల్ కనిపించింది. "కెటిల్‌వెల్," అన్నాను.

ఎనిడ్ కూడా కెటిల్ వైపు చూసింది. "మంచివాడేనా?"

"చాలా."

"త్వరగా వేడెక్కే రకమేమో, జాగ్రత్త. చేతులకి ఆ గోధుమరంగు ఏమిటి హెడ్లీ?"

"బూట్ పాలిష్."

"నీ బూట్లు నల్లవి కదా."

"అందుకే సరిగ్గా అంటలేదు."

ఆవిడ నా మొహంలోకే చూసింది. "ఇంకేమైనా అడగాలా నన్ను?" అంది.

"రాత్రికి ఏం వండుతున్నావు?" అన్నాను.

"చేప," అని లేచి వెళ్ళిపోయింది.

చివరి మంగళవారం ఇంకో లోపం కనిపెట్టాను. వెదురు కర్ర బరువుగా ఉంటుంది, నాది గాలిలో తేలిపోతోంది. షెడ్డులో గాలం దారానికి బరువు కట్టే పాతకాలం సీసం గుళ్ళ డబ్బా ఉంది. హంసలు మింగి చస్తున్నాయని వాటిని ఎప్పుడో నిషేధించారు. పారెయ్యటానికి మనసొప్పక దాచాను. వాటిని కర్ర పిడిలో పోసి బిరడా కొట్టాను. బరువు సరిపోయింది. రీలంటారా, చక్రం రీలు ఒకటి మేకుల డబ్బా మీద మూతగా ఉంటోంది. దాన్ని కడిగాను.

పోటీ రోజు ఇరవై రెండు మందిమి. అందరి పెగ్గులూ చీటీ తీసి పంచారు. తాగే పెగ్గు కాదు, ఒడ్డున నంబరు రాసి పాతిన మేకు. ఎవరి మేకు దగ్గర వాళ్ళు కూర్చోవాలి. సామాను తనిఖీ చేసేది క్లబ్బు కార్యదర్శి ఎరల ఎర్నీ. కోటు జేబులో బతికున్న పురుగులు లేకుండా బయటికి రాడు కాబట్టి ఆ పేరు. రెండు కళ్ళకీ శుక్లాలున్నాయి. నా పథకమంతా ఆ శుక్లాల మీదే నిలబడి ఉంది.

ఎర్నీ కర్రని చేత్తో నిమిరాడు. "జిగటగా ఉందేం హెడ్లీ?"

"కొత్తగా వార్నిష్ వేశాను."

వేలు నోట్లో పెట్టుకున్నాడు. "తియ్యని వార్నిష్," అన్నాడు ఆలోచిస్తూ, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మొదట కందిరీగలు వచ్చాయి. ఒడ్డున ఇరవై రెండు మంది ఉంటే అన్నీ నా కర్ర మీదే వాలాయి. విసిరితే పిడిలో గుళ్ళు గలగలమన్నాయి. పక్క పెగ్గువాడు, "పసిపిల్లల గిలక్కాయ తెచ్చావా?" అన్నాడు. చక్రం రీలు నా మాట వినలేదు. బెండు వెళ్ళి నా కాళ్ళ దగ్గరే పడింది. అక్కడే ఉండనిచ్చాను.

పదకొండింటికి చినుకులు మొదలయ్యాయి. టీ కరిగి నా మోచేతుల మీదుగా కారింది. సరిగ్గా అప్పుడే బెండు మునిగింది. నా పాదాల దగ్గర, ఏ పిచ్చి చేపో, పెద్ద బ్రీమ్. కర్ర విల్లులా వంగింది. పెయింటు పెచ్చులు లేచి నీళ్ళ మీద పడ్డాయి. కింద నల్లటి కార్బన్ నిగనిగలాడింది. నేను లేచి నిలబడి పిడిని పొట్టకి ఆనించేసరికి బిరడా ఊడింది. నిషేధించిన సీసం గుళ్ళు పావుకిలో గడ్డిలోకి దొర్లాయి. ఇవతలి గట్టు కింద ఒక హంస తల ఎత్తి చూసింది.

తర్వాత జరిగింది చెప్పటానికి నాకు సిగ్గేస్తుంది. అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళు ఇరవై ఒక్క మంది పోటీ ఆపేసి, వానలో మోకాళ్ళ మీద కూలబడి, హంస చేరేలోపు గడ్డిలో గుళ్ళు ఏరారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే బావుండేది.

ఎనిడ్ తక్కెడ తీసుకుని వచ్చింది. బ్రీమ్ నోట్లోంచి గాలం తనే తీసింది. తూచింది.

"ఎంత?" అన్నాడు ఎర్నీ పుస్తకం తెరుస్తూ.

"ఐదు పౌండ్ల రెండు ఔన్సులు. రాయకు." చేపని రెండు చేతులతో నీళ్ళలో నిలబెట్టి, అది తేరుకున్నాక వదిలింది. నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక గుమ్మంలో తడి బూట్లు విప్పుతూ, "ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటి మంగళవారం. దారం ఉండ సగం అయిపోయింది, పంచదార డబ్బా ఖాళీ. కెటిల్‌వెల్‌గారి గురించి ఇక చెప్పక్కర్లేదు."

"మరి ఊరుకున్నావేం?"

ఎనిడ్ మేడ మీదికి వెళ్ళింది. తన బట్టల బీరువా వెనకనుంచి పొడుగాటి గుడ్డసంచి తెచ్చి నా ముందు నిలబెట్టింది. విప్పక్కర్లేదు. ఎత్తు చూసి తెలుసుకున్నాను, బావ కర్ర.

"ఆఖరి వారంలో నాకిచ్చాడు. 'వాడు అడిగితే ఇవ్వు, అడక్కపోతే ఇవ్వకు,' అన్నాడు. నువ్వెలాగూ అడగవని నాకు తెలుసు. అందుకే వెదురు కర్ర లేనిదే కుదరదని నియమం పెట్టాను. ఎక్కడా దొరక్కపోతే అప్పుడైనా నోరు తెరిచి, 'ఎనిడ్, మీ అన్నయ్య కర్ర ఏమైంది?' అంటావనుకున్నాను. ఇరవై రెండు మందినీ తిప్పలు పెట్టింది నీ ఒక్కడి కోసం. ఆ ఒక్క మాట అడగటం కంటే మూడు వారాలు టీ పూసుకోవటం నీకు తేలికైంది."

చేతిలో ఉన్న బూటు కింద పెట్టాను.

"ఇప్పుడు అడగొచ్చా?"

"ఇప్పుడు అడగాల్సింది నన్ను కాదు."

ఆ గురువారం ఇద్దరం ఏవన్ ఒడ్డుకి వెళ్ళాం. ఆ చివర, ఆయన ఆరేళ్ళు ఒంటరిగా కూర్చున్న చోటికి. అక్కడికి నేను ఎప్పుడూ నడవలేదు. గడ్డి ఇంకా కొంచెం అణిగి ఉందనిపించింది, నా భ్రమే కావచ్చు. ఎనిడ్ నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

నేను నీళ్ళ వైపు తిరిగాను. "బావా, ఆ రోజు విందులో నేనన్నది తప్పు. కార్బన్ గదికి వెళ్ళనని ఆ శుక్రవారం చెప్పి ఉండాల్సింది. చెప్పినా వాళ్ళు వినేవాళ్ళు కాదు, అయినా చెప్పాల్సింది. నీ కర్ర నాకిస్తావా?"

"నన్నా?" అన్నారు వెనకనుంచి. కుక్కని తిప్పుతున్న పెద్దమనిషి ఒకాయన.

"మిమ్మల్ని కాదండీ," అంది ఎనిడ్. "మా అన్నయ్యని."

ఆయన నీళ్ళ వైపు ఒకసారి చూసి, టోపీ తీసి, కుక్కని పిలుచుకుని వెళ్ళిపోయాడు.

ఎనిడ్ సంచి విప్పి కర్ర నా చేతికిచ్చింది. ఎంత బరువో మరిచిపోయాను. బావ రీలు బిగించి వదిలిన మరుక్షణం దారం పిచ్చుక గూడైపోయింది. విప్పటానికి ప్రయత్నిస్తే రెండో గూడు తయారైంది. ఎనిడ్ కాసేపు చూసి, కర్ర నా చేతుల్లోంచి తీసుకుంది. చిక్కు విప్పింది. చక్రం అంచు మీద బొటనవేలు ఆనించి, ఎడం చేత్తో దారం లాగి వదిలింది. నెమలి ఈక బెండు నది మధ్యకి వెళ్ళి, నిటారుగా నిలబడి, ప్రవాహంతో పాటు నడిచింది.

నలభై నాలుగేళ్ళు కాపురం చేశాను. ఆవిడ కర్ర పట్టగా ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"పన్నెండో ఏట. అన్నయ్య నేర్పాడు. తనకంటే నేనే బాగా వేసేదాన్ని."

"మరి ఎందుకు మానేశావు?"

"పెళ్ళయ్యాక మీరిద్దరూ నదికి వెళ్ళేవారు. శాండ్‌విచ్‌లు ఎవరో ఒకరు కట్టాలి కదా."

బెండు మునిగింది. అరచెయ్యంత రోచ్. ఎనిడ్ దాన్ని చేతిలోకి తీసుకుని, అంత్యక్రియల్లో కూడా ఏడవని మనిషి, అక్కడ ఏడ్చింది. చేప ఊపిరాడక కొట్టుకుంటోంది. ఆవిడ చేతిని నా చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దించాను. అది వెళ్ళిపోయింది.

ఇప్పుడు గురువారాలు మేమిద్దరం వెళ్తున్నాం. ఆవిడ గాలం వేస్తుంది. నేను వల పట్టుకుంటాను. శాండ్‌విచ్‌లు కూడా నేనే కడుతున్నాను, బాగుండవని ఆవిడ అంటుంది, నిజమే. మా ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలిపెట్టి కూర్చుంటాం. అలా కూర్చుందామని ఇద్దరం అనుకున్నది కాదు. మొదటి రోజు అలా కూర్చున్నాం, తర్వాత దగ్గరికి జరగబుద్ధి కాలేదు.