టైపిస్టు కళ్ళద్దాలు

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. గడియారాలు బాగుచేసే కొట్లో రోజూ సాగే కబుర్ల సభను ఆ ఒక్క పూటకి ఆసుపత్రికి మార్చాలి, అంతే. కొట్టు యజమాని అక్కడే మంచం మీద ఉన్నాడు. మర్నాడు అతని గుండెకి ఆపరేషన్. చేస్తే బతుకుతాడు, లేకపోతే కష్టమని డాక్టరమ్మ తేల్చేసింది. ఈలోగా మనసు కలతపెట్టే మాట ఒక్కటి కూడా అతని చెవిన పడకూడదని అతని భార్యకి మరీ మరీ చెప్పింది, ఆవిడ ఆ మాట మిత్రుల చెవిన వేసింది.

సభ అంటే ముగ్గురే. కళ్ళజోళ్ళ కొట్టాయనది ఆకాశం శాఖ. ఎక్కడ ఏ రాకెట్టు ఎగిరినా, ఏ తోకచుక్క ఇటు తిరిగినా ముందు ఆయనకి తెలియాలి. కోర్టులో టైపు కొట్టి కొట్టి రిటైరైన టైపిస్టుది రాజకీయం. ప్రభుత్వం వచ్చే వారం పడిపోతుందని ఆయన ప్రతి వారమూ చెబుతాడు, అది ఎవరి ప్రభుత్వమైనా సరే. గడియారాలాయనది సంగీతం. సంగీతమంటే ఆయనకి ఒకే ఒక్క గాయని. రేడియోలో ఆవిడ గొంతు వినిపిస్తే చాలు, చేతిలో గడియారం ముల్లు చేతిలోనే ఉండిపోయేది, కళ్ళు ధారలు కట్టేవి. గడియారం తాలూకు మనిషి ఎదురుగా నిలబడి తిట్టిపోస్తున్నా ఆయనకి పట్టేది కాదు.

ఈ కబుర్లకి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోయిన కబురుంటే అది అన్నిటికన్నా చివర్న చెప్పాలి, అదీ టైపిస్టే చెప్పాలి. చెప్పే ముందు ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది. ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదికి వెళ్ళగానే మిగతా ఇద్దరూ టీ గ్లాసులు కిందపెట్టి "ఎవరు?" అంటారు.

ఇద్దరు మిత్రులూ బస్సెక్కి కూర్చున్నారో లేదో, డ్రైవర్ పెట్టుకున్న రేడియోలో వార్త వచ్చింది. ఆ గాయని తెల్లవారుజామున పోయింది.

"వాడికి చెప్పొద్దు," అన్నాడు టైపిస్టు.

"చచ్చినా చెప్పను," అన్నాడు కళ్ళజోళ్ళాయన, వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

"ఆ మాట కూడా అనకు."

బస్సు దిగేసరికి ఉన్నట్టుండి వాన. గొడుగు తెచ్చే తెలివి ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. తలలు తడుపుకుని వార్డులోకి వెళ్ళేసరికి గడియారాలాయన దిండుకి ఆనుకుని, మొహం చాటంత చేసుకుని ఎదురుచూస్తున్నాడు. ఫోను ఆయన భార్య సంచిలో దాచేసింది, రేడియో ఇంట్లోనే ఉంది. పాపం, కబుర్లకి వాచిపోయి ఉన్నాడు.

ముందు ఆకాశం. కళ్ళజోళ్ళాయన వారం నుంచీ దాచుకున్న కబురు ఎత్తుకున్నాడు. ఎక్కడో అంతు లేనంత దూరంలో ఒక నక్షత్రం ఉందట, అది ఎప్పుడో ఆరిపో... అని టక్కున ఆగాడు. ఆరిపోలేదన్నాడు. బాగానే ఉందన్నాడు. ఇంకా చాలా కాలం ఉంటుందని, భయపడాల్సిందేం లేదని కూడా అన్నాడు.

"ఇదేం వార్తరా?" అన్నాడు రోగి.

ఇంక రాజకీయం. టైపిస్టు తెచ్చింది ఒక పెద్ద మంత్రి అనారోగ్యంతో పదవి వదులుకుంటున్నాడన్న కబురు. ఆ అనారోగ్యం గుండెదేనని అప్పుడు గుర్తొచ్చి మాట మార్చేశాడు. "ప్రభుత్వం గట్టిగా ఉందిరా. ఐదేళ్ళూ ఉంటుంది," అన్నాడు.

గడియారాలాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. టైపిస్టు నోట అటువంటి మాట ఆయన ఏ ప్రభుత్వంలోనూ వినలేదు. నన్నెందుకింత బుజ్జగిస్తున్నారు వీళ్ళు అని మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే టైపిస్టు జుట్టులోంచి నీళ్ళు కారి అద్దాల మీద పడ్డాయి. ఆ మనిషికి ఏమీ కనపడలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

వార్డంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. "ఎవరు?" అన్నాడు గడియారాలాయన.

"ఎవరూ కాదురా. వాన," అన్నాడు టైపిస్టు.

కిటికీ బయట ఎండ కాస్తోంది.

చావు కబురు ఉంది, ఎవరిదో చెప్పడం లేదు. అయితే అది తనదే. గడియారాలాయనకి లెక్క తేలిపోయింది. డాక్టరమ్మ మీకేం చెప్పిందని అడిగాడు. ఏమీ చెప్పలేదని ఇద్దరూ ఒట్టేశారు. అది పచ్చి నిజం, కానీ నీళ్ళు నమిలే ఆ మొహాలు చూసి ఎవరు నమ్ముతారు? తన రేడియో టైపిస్టుని తీసుకోమన్నాడు. ఆపరేషన్ వద్దన్నాడు. ఎలాగూ పోయేవాణ్ణి, ఎవరిదో బల్ల మీదెందుకు, నా కొట్లోనే పోతానన్నాడు.

"నా దగ్గర దాచారా అన్నయ్యగారూ," అంది ఆయన భార్య. ఇంకొక మాట వినకుండా డాక్టరమ్మ గదికి పరిగెత్తింది.

అక్కడ ఇంకో గొడవ మొదలైంది. మా ఆయన బతకడటగా అని ఈవిడ ఏడ్చేసరికి డాక్టరమ్మ హడలిపోయింది. తనకు తెలియని రిపోర్టు ఏదో బయటికి పొక్కిందనుకుని పెద్ద డాక్టర్ని పిలిపించింది. ఆయన తన కింది డాక్టర్లని వెంటేసుకొచ్చాడు. మంచం చుట్టూ అన్ని తెల్లకోట్లు చూసేసరికి రోగి గుండె దడదడలాడింది. ఆ దడ చూసి పెద్ద డాక్టర్, ఈ స్థితిలో రేపు ఆపరేషన్ చెయ్యలేమన్నాడు. లేని చావు కబురు కళ్ళ ముందే నిజమైపోతోంది.

మీరాయనకి ఏం చెప్పారని డాక్టరమ్మ మిత్రులిద్దర్నీ వరండాలో నిలదీసింది.

"నక్షత్రం బాగుందని, ప్రభుత్వం బాగుందని చెప్పామండి," అన్నాడు కళ్ళజోళ్ళాయన. వీళ్ళని ఏ వార్డులో చేర్చాలా అన్నట్టు చూసిందావిడ.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి గడియారాలాయన మంచం దిగి చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నాడు. టైపిస్టు ఇక ఆగలేకపోయాడు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"పోయింది నువ్వు కాదురా. ఆవిడ. తెల్లవారుజామున."

"ఆవిడా?"

"ఆవిడే."

"నేను కాదా?"

"కాదురా."

"అమ్మయ్య," అన్నాడు గడియారాలాయన. ఆ మాట కడుపులోంచి వచ్చింది. మొహానికి రంగు వచ్చింది. పడుకున్నాడు, టీ ఇమ్మన్నాడు. దడ తగ్గింది. డాక్టరమ్మ నాడి చూసి ఆశ్చర్యపోయి, ఇలాంటి మంచి కబుర్లు ఇంకేమైనా ఉంటే చెప్పండని వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆయన గోడ వైపు తిరిగాడు. "ఆవిడ పోతే నేను అమ్మయ్య అన్నానురా," అన్నాడు. భార్య దుప్పటి సర్దింది. టీ చల్లారిపోయింది.

మర్నాడు ఆపరేషన్ అయింది. మిత్రులిద్దరూ పొద్దుటి నుంచి వరండా బెంచీ మీదే ఉన్నారు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బతికాడని చెప్పాక కళ్ళజోళ్ళాయన మొహం కప్పుకుని ఏడ్చేశాడు. గొంతు పెగిలిన రోజున గడియారాలాయన మొదట అడిగింది తన శాఖ గురించే.

"పద్ధతిగా చెప్పు," అన్నాడు.

టైపిస్టు కళ్ళద్దాలు తీశాడు. పొడిగానే ఉన్నాయి. అయినా చొక్కా అంచుతో నిదానంగా తుడిచాడు.

"ఎవరు?" అన్నాడు గడియారాలాయన, ఏమీ తెలియనట్టే.

టైపిస్టు ఆవిడ పేరు చెప్పాడు. ఎలా పోయిందో, ఎంత జనం వచ్చారో, చివరి దాకా ఎలా పాడుతూనే ఉందో అంతా చెప్పాడు. గడియారాలాయన రొమ్ము మీద చెయ్యి అదిమి పెట్టుకుని, కుట్లు ఒప్పుకున్నంత ఏడ్చాడు. ఆ తరవాత కళ్ళజోళ్ళాయన తన నక్షత్రం సంగతి పూర్తిచేశాడు. అది ఎప్పుడో ఆరిపోయిందట, వెలుగు మాత్రం ఇంకా మన దాకా వస్తూనే ఉందట.

"ఆ రోజు చెప్పబోయింది ఇదేనా?"

"ఇదే."

"చెప్పాల్సిందిరా. బాగుంది," అన్నాడు గడియారాలాయన, కళ్ళు తుడుచుకుంటూ.

టైపిస్టు జన్మకి ఒకే ఒక్కసారి గట్టిగా ఉందని చెప్పిన ప్రభుత్వం మాత్రం, ఆయన ఆ బెంచీ మీద కూర్చున్న పూటే పడిపోయింది.