అందరికీ అవే రెండు తప్పులు

ఆ రోజు ఉదయం పరిశోధక విద్యార్థిని సరేనండి పెట్టుకున్న పని ఒక్కటే. పరిశోధనలో నీతి నియమాల మీద విశ్వవిద్యాలయం పెట్టిన నలభై ప్రశ్నల పరీక్షను కంప్యూటర్లో రాసి, సాయంత్రం ఐదులోగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. పసిపిల్లల నిద్ర మీద ఆమె పరిశోధన. మర్నాడు పన్నెండుమంది తల్లులు మాట్లాడతామన్నారు. పత్రం లేకపోతే వాళ్ల గుమ్మం తొక్కడానికి వీల్లేదు. ఎవరేం చెప్పినా తలవంచుకుని "సరేనండి" అంటుంది కాబట్టి విభాగంలో ఆమెకు అదే పేరైపోయింది.

ఆమె ఇంకా కుర్చీ లాక్కోకముందే గైడుగారు వచ్చారు.

"ఎలాగూ కూర్చున్నావుగా అమ్మా, నాదీ ఒకటి రాసిపెట్టు."

"అది ఎవరిది వాళ్లే రాయాలట సార్..."

"ఈ వయసులో నాకు నీతి నేర్పుతారా? మీటింగుంది, పోవాలి."

"సరేనండి."

మీటింగులో ఆయన ఆ సంగతి చెప్పకుండా ఊరుకోలేదు. పదకొండింటికి గణాంకాల మేడమ్ పాస్‌వర్డు చీటీ పట్టుకుని దిగింది. "మీ సారుది రాశావట. నేనేమన్నా పరాయిదాన్నా?" ఆమె వెనకే కళ్లజోడు సారు. ఆయన చీటీ బల్లమీద పెట్టి, ఏమీ జరగనట్టు కిటికీలోంచి చూస్తూ వెళ్లిపోయారు.

'ఒకరి పనికి మరొకరు తమ పేరు పెట్టుకోవచ్చా?' అన్న ప్రశ్న దగ్గర సరేనండి మూడుసార్లూ 'కూడదు' అనే నొక్కింది. నొక్కిన ప్రతిసారీ తలుపువైపు చూసింది. నాలుగున్నరకు తన పరీక్ష ముగించేసరికి పత్రానికి బదులు ఎర్ర అక్షరాలు వచ్చాయి: మీ జవాబులు మరో ముగ్గురి జవాబులతో పూర్తిగా సరిపోయాయి. వెంటనే నీతి నియమాల అధికారిణిని కలవండి.

అధికారిణి గదిలో ఆ ముగ్గురూ అప్పటికే కూర్చుని ఉన్నారు. కుర్చీలు మూడే కాబట్టి సరేనండి నిలబడింది.

"నలుగురికీ ముప్పై ఎనిమిది. నలుగురికీ పదిహేడో ప్రశ్న, ముప్పై ఒకటో ప్రశ్న తప్పు," అంది అధికారిణి. "ఇలా జరిగే అవకాశం ఎంతుంటుంది మేడమ్?"

"దాదాపు ఉండదు," అని అలవాటుకొద్దీ చెప్పేసి, గణాంకాల మేడమ్ నాలుక కరుచుకుంది.

"పెద్దవాళ్లు ముందు రాశారు. చివర రాసింది ఈ అమ్మాయి. అంటే ఈమే కాపీ కొట్టిందన్నమాట. అనుమతి ఆపేయాల్సిందే," అంది అధికారిణి.

గైడుగారి ముఖం తేటపడింది. "చిన్నపిల్లండీ, తొందరపడింది. ఈసారికి వదిలేయండి. పొరపాటైందని చెప్పమ్మా."

ముగ్గురూ ఆ ఒక్క మాట కోసం ఆమెవైపు చూశారు. సరేనండికి పన్నెండుమంది తల్లులు గుర్తొచ్చారు. పిల్లల్ని నిద్రపుచ్చి ఎదురుచూస్తామన్నారు వాళ్లు.

"కాదండి," అంది.

అంతవరకు విభాగంలో ఎవరూ ఆ మాట ఆమె నోట వినలేదు. ఆమె కూడా వినలేదు.

"నేను ఎవరిదీ చూడలేదు. నావి నేనే నాలుగుసార్లు రాశాను."

అధికారిణి కళ్లద్దాలు తీసి గైడుగారివైపు తిరిగింది. "పదిహేడో ప్రశ్న ఏమిటి సార్?"

"అదీ... నీతికి సంబంధించినదేనండీ."

అక్కడికక్కడే నలుగురికీ కాగితాలిచ్చి మళ్లీ రాయించారు. గైడుగారికి పదకొండు వచ్చాయి. మేడమ్‌కు పద్నాలుగు. కళ్లజోడు సారు తన పేరు వరకు సరిగ్గా రాశారు. సరేనండికి ముప్పై ఎనిమిది, మళ్లీ అవే రెండు తప్పులు.

"ఇవి నీ సొంత తప్పులే," అని అధికారిణి ఆమె పత్రం మీద ముద్ర వేసింది. "కానీ ఒకరి పని చేసిపెట్టడమూ తప్పే. ఈ అనుమతి వారం తర్వాతే చెల్లుతుంది, తల్లులకు ఫోను చేసి ఆగమని చెప్పు. ఈలోగా ఈ ముగ్గురికీ మూడురోజుల తరగతి. హాజరు నువ్వే చూడాలి."

"సరేనండి," అంది సరేనండి, ఈసారి తలెత్తి.

మొదటిరోజు తరగతికి గైడుగారొక్కరే వచ్చారు. హాజరుపట్టీలో సంతకాలు మాత్రం మూడున్నాయి.